పదమూడు బిందెల ఫ్రాన్సు

మా చెల్లెలు ఆంజినమ్మ తన జీవితంలో ఒకసారి మద్రాసు మెయిలును ఆపింది. ఈ మాట నేను చెబితే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. పెద్దాయన చెప్పే వాటిలో పావు వంతు నిజమే ఉంటుందనీ, ఆ పావు వంతు ఏదో కనుక్కోవడమే కష్టమనీ మా మేనల్లుడు చంద్రమోహన్ నలుగురిలో అంటుంటాడు. అననీ. రైలు సంగతి మాత్రం నిజం.

గుంతకల్లులో మా నాయన రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. అప్పుడు బొగ్గు ఇంజన్లు. మా క్వార్టర్ల వెనకాల ఇంజన్లకు నీళ్ళు పట్టే పెద్ద గొట్టం ఏనుగు తొండంలా వేలాడుతుండేది. కాన్వెంటు సిస్టర్లు రైల్వే వాళ్ళ పిల్లలకు ఫీజు తగ్గించేవాళ్ళు, ఇంటికి ఒక బిడ్డకు మాత్రమే. ఆ ఒక బిడ్డ నేనయ్యాను. నేను టై కట్టుకుని ఇంగ్లీషులో ప్రార్థన చదువుతున్న వేళకు ఎనిమిదేళ్ళ ఆంజినమ్మ ఆ తొండం కింద బిందె పెట్టుకుని కారే నీళ్ళ కోసం నిలబడి ఉండేది. ఒకరోజు ఆ పిల్ల ఎన్ని బిందెలు పట్టిందంటే, మద్రాసు మెయిలు ఇంజను దప్పికతో అడుగు ముందుకు వేయలేకపోయింది. స్టేషన్ మాస్టరు టోపీ చేత్తో పట్టుకొచ్చి, "పాపా, నీ బిందె తీస్తే బండి తీస్తాం" అని బతిమాలాడు. నేను కళ్ళారా చూశాను. ఆ వేళకు నువ్వు బడిలో ఉండావు గదన్నా అంటుంది ఆంజినమ్మ. అయినా చూశాను.

పెళ్ళయ్యాక ఆమె బత్తలపల్లెకు వచ్చింది. మా బావ ఆదెన్న ఆర్టీసీ కండక్టరు. అనంతపురం నుంచి ధర్మవరం దాకా ముప్ఫై ఏళ్ళు టికెట్లు కొట్టాడు. కిక్కిరిసిన బస్సులో ఎంతమంది ఉన్నారో, అందులో టికెట్ తీసుకోని వాడెవడో మెట్టు మీద నిలబడే చెప్పేవాడు. ఇంట్లో ఎన్ని నీళ్ళున్నాయో మాత్రం ఆయనకు ఏనాడూ తెలియదు. స్నానానికి పోతే బకెట్టు నిండుగా ఉంటుంది. దాన్ని పైనుంచి దేవుడు నింపుతాడని ఆయన నమ్మకం.

వాళ్ళ వీధిలో కొళాయి నాలుగు రోజులకొకసారి వస్తుంది. ఏ వేళకు వస్తుందో ఎవరికీ తెలియదు, ఆంజినమ్మకు తప్ప. నీళ్ళు రావడానికి ముందు గొట్టంలో గాలి కదులుతుందట. ఆ చప్పుడు మనకు వినబడదు, ఆమెకు వినబడుతుంది. అనంతపురంలో ఒక పెళ్ళిలో కూర్చుని ఉండగా, పాతిక కిలోమీటర్ల అవతల తన కొళాయి గొంతు సవరించుకున్నట్టు వినిపించి, అక్షింతలు పక్కావిడ దోసిట్లో పోసి బస్సెక్కేసింది. ఇంటికి చేరేసరికి మొదటి చుక్క పడుతోంది. ఇక ఆ ఇంట్లో నీళ్ళ వాడకం అంటారా, ఒక చెంబు నీళ్ళు మూడు ఉద్యోగాలు చేసిగానీ రిటైరు కావు. బియ్యం కడిగాక కూరగాయలు కడుగుతాయి, ఆ తర్వాత గిన్నెలు నానబెడతాయి, చివరికి కరివేపాకు చెట్టు మొదట్లో పడి విశ్రాంతి తీసుకుంటాయి. ఆమెకు ఇప్పుడు డెబ్బై. అందులో అరవై రెండేళ్ళు ఈ లెక్కతోనే గడిచాయి.

అలాంటి మనిషికి ఫ్రాన్సు ఎలా తగిలిందంటారా? చంద్రమోహన్‌కు ధర్మవరంలో పట్టుచీరల దుకాణం ఉంది. మూడేళ్ళ కిందట మదాం ఒడెట్ అనే పెద్దావిడ మగ్గాలు చూద్దామని ఫ్రాన్సు నుంచి వచ్చి, వారం రోజులు బత్తలపల్లె ఇంట్లోనే దిగింది. ఆమెకు తెలుగు రాదు, మా చెల్లెలికి తెలుగు తప్ప ఇంకేమీ రాదు. ఇద్దరూ వసారాలో కూర్చుని బుట్టెడు వేరుశనక్కాయలు, మా వైపు బుడ్డలంటారు, ఒలిచి తిని ప్రాణ స్నేహితులయ్యారు. ఆ మదాంకు దక్షిణ ఫ్రాన్సులో, ఒక పల్లెలో, పాత రాతి ఇల్లు ఉంది. ఎండాకాలం సెలవులకు వచ్చేవాళ్ళకు ఇస్తుంటుంది. ఆంజినమ్మకు డెబ్బై నిండుతున్నాయని తెలిసి, మే నెలలో రెండు వారాలు ఆ ఇల్లు మీకోసం అట్టిపెడతాను, పెద్దా చిన్నా అందరూ కలిసి రండి అని జాబు రాసింది.

అందరూ అంటే పదకొండు మంది. ఆంజినమ్మ, ఆదెన్న, నేను. చంద్రమోహన్, అతని భార్య పద్మజ. వాళ్ళ కూతురు జ్యోతిలక్ష్మి, ఆమె భర్త ఓబిలేష్, వాళ్ళ రెండేళ్ళ చిన్నది. చంద్రమోహన్ తమ్ముడు కేశవ, అతని భార్య, వాళ్ళ పదేళ్ళ కొడుకు. నాలుగు తరాలు. ఆ రోజు నుంచి బత్తలపల్లె ఇల్లు పార్లమెంటు అయిపోయింది. కేశవ టవరు చూడాలన్నాడు. ఆ పల్లె నుంచి టవరుకు పోవడానికి ఒక పగలంతా పడుతుందని తెలిసి, పల్లెనే టవరు దగ్గరికి మార్చుకోవచ్చా అని అడిగాడు. అతని కొడుక్కు మంచు కావాలి, అదీ మే నెలలో. పద్మజకు పద్నాలుగు రోజులు పొయ్యి మొహం చూడకపోతే చాలు. మా బావ ఒక్కటే అడిగాడు, "ఆడ బస్సుల్లో కండక్టర్లు ఉంటారా?" లేరని చెబితే మూడు రోజులు దిగులుగా ఉన్నాడు.

చివరికి చంద్రమోహన్ తల్లి దగ్గర కూర్చున్నాడు. "అమ్మా, ఈ ప్రయాణం నీ పేరు మీద పోతాండేది. నీకేం కావల్లనో సెప్పు."

"నాకేం వద్దు నాయనా. ఆడ కొళాయి తిప్పితే నీళ్ళు వస్తాయా?"

"వస్తాయి."

"ఎప్పుడు తిప్పినా?"

"ఎప్పుడు తిప్పినా వస్తాయమ్మా."

"నేను సూసుకోపన్లేదా?"

"పన్లేదు."

ఆమె వేళ్ళ మీద దినాలు లెక్కపెట్టుకుంది. "అట్లయితే వస్తా. పద్నాలుగు దినాలు నీళ్ళ మాట నా సెవిన పడకూడదు. ఇంగ టవర్లు, కొండలు మీరే సూసుకోండి."

ఇక్కడ నా వంతు సాయం నేనూ చేశాను. ఫ్రాన్సులో కొళాయి కట్టేయడం అమర్యాద అని చెప్పాను. కట్టేస్తే పక్కింటి వాళ్ళు ఏమైందోనని కంగారుపడి వస్తారని, అక్కడి ఆవులు ఒకసారి తాగిన తొట్టిలో రెండోసారి మూతి పెట్టవని, చిన్నప్పుడు మా కాన్వెంటులో ఒక ఫ్రెంచి సిస్టరు బత్తాయి పండు కడగడానికి బావెడు నీళ్ళు తోడించి, చాలక మరో బావి అడిగిందని చెప్పాను. ఆంజినమ్మ ఒక్క మాటా నమ్మలేదు. కానీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇంగొకటి సెప్పున్నా" అనేది. కొళాయి దగ్గర ఆడవాళ్ళందరికీ ఈ కథలు చేరాయి. పక్కింటి సైదాబీ వచ్చి, "అక్కా, నాకేమీ తేవద్దు, ఆ నీళ్ళు ఒక బాటిలు తెచ్చి సూపియ్, సాలు" అంది. పాస్‌పోర్టు ఫోటోకు నవ్వకూడదంటారు కదా. ఆంజినమ్మ నాలుగు ఫోటోల్లోనూ నవ్వింది. అయిదోదాని కోసం స్టూడియో అతను ఆమెకు కరెంటు బిల్లు చూపించాడు.

మార్చిలో మదాం ఒడెట్ దగ్గర్నుంచి ఇంకో జాబు వచ్చింది. ఇంగ్లీషులో ఉంది, నేను కాన్వెంటువాణ్ణి కాబట్టి చదివే గౌరవం నాకే ఇచ్చారు. వసారాలో అందరూ కూర్చున్నారు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టి, రెండో వాక్యం దగ్గర ఆగిపోయాను.

"ఏమైందన్నా, నాలిక మడతబడిందా? సదువు" అంది ఆంజినమ్మ.

మామూలుగా అయితే అక్కడికక్కడే వేరే జాబు అల్లేసేవాణ్ణే. ఆమె నా వైపు చూస్తున్న తీరుకు ఎందుకో నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చదివాను. మా పల్లెలో శీతాకాలమంతా వాన లేదు. ఊటబావి అడుగు కనబడుతోంది. రోజుకు రెండు వందల లీటర్లకు మించి వాడకూడదని ఊరి ఆఫీసు వాళ్ళు కట్టడి పెట్టారు. తోటకు పోయకూడదు, కారు కడగకూడదు. మిమ్మల్ని రమ్మని పిలిచి ఇలా రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. మీరు రాలేమన్నా నేనేమీ అనుకోను. ఎంతమంది వచ్చేదీ ఆఫీసులో చెప్పాలి కాబట్టి వచ్చే ఆదివారం సాయంత్రానికి మాత్రం ఏదో ఒకటి తెలపండి.

ఆంజినమ్మ పెదాలు కదిలాయి. ఆమె బిందె పదిహేను లీటర్లు. "పదమూడు బిందెలు. పైన రెండు సెంబులు" అంది. "పదకొండు మందికి."

"సర్దుకోవచ్చులేమ్మా" అన్నాడు చంద్రమోహన్.

"సర్దుకోవచ్చు. ఎవురు సర్దల్ల? నేనే గదా." ఆమె లేచి చీర దులుపుకుంది. "నీళ్ళు లెక్కబెట్టేదానికి అంత దూరం యాల? ఆ పని ఈడనే ఉండాది. మీరు పోయి రాండి. నేను రాను."

ఆమె గొంతులో కోపం లేదు. అదే చిక్కు. కోపం ఉంటే రెండు రోజుల్లో దించుకోవచ్చు. అమ్మ రాకపోతే ఎవ్వరమూ పోము అని చంద్రమోహన్ తేల్చేశాడు. పార్లమెంటు మూతపడింది. పిల్లోడు మంచు మాట ఎత్తడం మానేశాడు. నేను ఫ్రాన్సు ఆవుల గురించి కొత్తది ఒకటి చెప్పబోతే, "ఇడ్సిపెట్టన్నా" అంది, అంతే.

మూడో రోజు అన్నం తింటూ తింటూ మా బావ చెయ్యి ఆపాడు. "ఆడ నీళ్ళు నేను సూసుకుంటా."

ఆంజినమ్మ పప్పు వడ్డిస్తున్న గరిటె గాల్లోనే నిలిపింది. "నువ్వా?"

"నేనే. నలభై సీట్ల బస్సులో నూరు మందిని సర్దినోణ్ణి. పదమూడు బిందెలు సర్దలేనా?"

"మన బాత్రూములో బకెట్టు ఏం రంగు?"

"నీలం."

"అది పగిలి మూడేండ్లాయె."

పద్మజ వంటింట్లోకి పోయి నవ్వుకుంది. మా బావ మాత్రం తగ్గలేదు. కండక్టరు పౌరుషం అది. "ఒక దినం ఇచ్చి సూడు. ఆదివారం. అందరినీ ఈడికే పిలుస్తా. పదమూడు బిందెలు, రెండు సెంబులు, పదకొండు మంది. ఎట్ల నడుపుతానో సూడు."

ఆంజినమ్మ చాలాసేపు ఆయన ముఖం చూసింది. యాభై రెండేళ్ళ కాపురంలో ఆయన ఆమెకు ఇస్తానన్నవాటిలో ఇది కొత్తది. "సరే. నేను కుర్చీలో కూసుంటా. తెల్లారి మొదులు దీపం పెట్టే దాంక లేయను. నీళ్ళ గురించి నోరెత్తను. నువ్వు నన్ను ఒక్క మాట, ఏది యాడుండాదని గూడ అడగకూడదు. సాయంత్రానికి నీళ్ళు మిగిలితే వస్తా. లేదంటే ఈ మాట మళ్ళీ ఎత్తొద్దు."

ఆ రాత్రే జ్యోతిలక్ష్మి మదాంకు జాబు కొట్టింది. పదకొండు మందికి రెండు వందల లీటర్లు కాస్త ఇరుకే అయినా నేర్చుకుంటున్నాం, ఆదివారం సాయంత్రం మా నిర్ణయం చెబుతాం అని.

ఆదివారం పొద్దున్నే మా బావ ఖాకీ చొక్కా వేసుకుని వచ్చాడు. రిటైరయ్యాక వేసుకోవడం అదే మొదలు. పొట్ట మీద రెండు గుండీలు రాజీకి రాలేదు. వసారాలో పదమూడు బిందెలు వరసగా పెట్టించాడు. చేతిలో టికెట్లకు రంధ్రం కొట్టే పాత పంచి. క్యాలెండరు అట్టలు కత్తిరించి అందరికీ తలా ఒక టికెట్ ఇచ్చాడు. స్నానానికి నాలుగు చెంబులు, మొహానికి ఒకటి, మరుగుదొడ్డికి ఒకటి. వాడినప్పుడల్లా ఒక రంధ్రం.

"తాతా, మరుగుదొడ్డికి ఒకటి ఏం సాలుతుంది?" అన్నాడు కేశవ భార్య తరఫున ఓబిలేష్. ఆ అమ్మాయి అడగడానికి సిగ్గుపడింది.

"స్నానం నీళ్ళు కింద టబ్బులో పట్టుకో. రెండో ట్రిప్పుకు అవి."

ఆంజినమ్మ గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. పనిలేని ఆ చేతులు అక్కడ ఏం చేయాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. నేను ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను, సాక్షిగా.

తొమ్మిది గంటలకల్లా బస్సు కిక్కిరిసింది. కేశవ గడ్డం గీసుకుంటూ రెండు చెంబులు అదనంగా వాడి పట్టుబడ్డాడు. మా బావ అతని టికెట్ గుంజుకుని సాయంత్రం దాకా సస్పెండు చేశాడు. చిన్నది ఒక బిందెను కౌగిలించుకుని దానితో పాటు బోర్లా పడింది. పదిహేను లీటర్లు వసారా మెట్ల మీదుగా వీధిలోకి దారి పట్టాయి. మా బావ వాటి వెంట చాట తీసుకుని పరిగెత్తాడు. చాటతో నీళ్ళు ఎత్తబోయిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆంజినమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. నోరెత్తలేదు. నేను నాలుగు చెంబుల టికెట్ మీద అయిదు పోసుకున్నాను. లోపల్నుంచి వచ్చే చప్పుడుతోనే ఆమెకు తెలిసిపోయింది. బయటికి వచ్చేసరికి అయిదు వేళ్ళు చూపించింది. మాట కాదు కాబట్టి షరతు తప్పినట్టు కాదు.

పద్మజ బియ్యం కడగడానికి నీళ్ళడిగితే మా బావ అడ్డం నిలబడ్డాడు. "ఒక తూరి కడిగితే సాలదా?"

"మామా, రాళ్ళొస్తాయి. మీ పళ్ళే పోతాయి."

"అన్నమే వండల్లనా?"

"జొన్న రొట్టెలు సేస్తా. పిండికి ఒక సెంబు, అంతే. కడిగే పాత్రలు గూడ తక్కువ."

ఆయన ఆ మాటకు బిందె పక్కన పెట్టి ఆలోచనలో పడ్డాడు. "ఏమ్మా, ఇండ్లల్లో వంట ఏం సేయల్లనేది నీళ్ళను బట్టి సూసుకుంటారా?"

"మరి దేన్ని బట్టి అనుకున్యారు?"

ఆయన కుర్చీ వైపు ఒకసారి చూసి, పంచి జేబులో వేసుకుని, రొట్టెల పిండికి చెంబు తానే ముంచి ఇచ్చాడు. మధ్యాహ్నం రొట్టెలు, బుడ్డల చెట్నీ అరిటాకుల్లో తిన్నాం. చేతులు కడుక్కున్న నీళ్ళు టబ్బులోకి. లెక్క చూస్తే మూడు బిందెలు మిగిలాయి. ఇంకా సగం పగలుంది.

రెండు గంటల వేళ జ్యోతిలక్ష్మి ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "పెద్దతాతా! మదాం జాబు! సదువు, సదువు!"

చదివాను. మళ్ళీ చదివాను. మూడోసారి కళ్ళజోడు తుడుచుకుని చదివాను. "మీ జాబు చూసి నాకు నిద్ర పట్టలేదు" అని రాసిందావిడ. "రెండు వందల లీటర్లు మనిషికి. ఒక్కొక్కరికి. ఇంటికంతా అని మీరెలా అనుకున్నారు? రెండు వందల లీటర్లతో పదకొండు మంది ఎలా బతుకుతారు?"

మా పదకొండు తలకాయల్లో ఒక్కదానికీ ఆ అర్థం తట్టలేదు. ఎలా తడుతుంది? ట్యాంకరు వాడు ఇంటికి ఇన్ని బిందెలని పోస్తాడు. మనిషికి ఇన్నని ఎక్కడైనా పోశాడా? ఆ మాట ఆవిడ రాయకపోవడానికి కారణం కూడా అదే. మనిషికి కాక మరి దేనికి అనుకుంటారని ఆవిడ అనుకుంది.

ఓబిలేష్ ఫోనులో గుణించాడు. "రెండు వేల రెండు వందలు. నూట నలభై ఆరు బిందెలవ్వా! ఒక్క దినానికి!"

ఆంజినమ్మ షరతు మరిచిపోయింది. "ఒక్క దినానికా? ఆ యింట్లో పెండ్లి జరుగుతాందా? దీన్నా ఆ యమ్మ కరువంటాండేది?" అని కడుపు పట్టుకుని నవ్వింది. అందరం నవ్వాం. పిల్లోడు మంచు, మంచు అని గెంతాడు. కేశవ సస్పెన్షను రద్దయిందనుకుని బిందె దగ్గరికి పోయి చెంబు ముంచాడు.

"ఆ సెంబు ఆడ పెట్టు" అంది ఆంజినమ్మ.

అందరం ఆమె వైపు తిరిగాం.

"అమ్మా, ఇంగ ఈ పరీక్షెందుకు? నీళ్ళు కావల్సినన్ని ఉండాయి గదా ఆడ!" అన్నాడు చంద్రమోహన్.

"ఉండాయి. పదమూడు బిందెలు సూసుకునేది కాకుండ నూట నలభై ఆరు సూసుకోవల్ల. ఎవురు? చిన్నది కొళాయి తిప్పి ఇడ్సిపెడితే ఎవురు పరిగెత్తల్ల? ఈ సెంబు ఎవురు ముంచినారని ఎవురు సూడల్ల? నీళ్ళు ఎన్నుండాయని నేను అడగలేదు నాయనా. నేను సూసుకోపన్లేదా అని అడిగినా." ఆమె మళ్ళీ వెనక్కి ఆనుకుంది. "దీపం పెట్టే దాంక అనుకున్యాం. ఇంగా పొద్దుంది."

కేశవ చెంబు బోర్లించాడు. మా బావ పంచి జేబులోంచి తీశాడు.

నాలుగు దాటాక జరిగింది చెప్పాలి. వసారాలో చల్లగాలి మొదలైంది. పిల్లలు పడుకున్నారు. నేను ఊరికే ఆంజినమ్మ కాళ్ళ వైపు చూస్తున్నాను. ఉన్నట్టుండి ఆమె కాలి బొటనవేలు నేలకు గట్టిగా నొక్కుకుంది. తల కొంచెం పక్కకు వాలింది. నాకేమీ వినబడలేదు, అయినా ఏం జరుగుతోందో నాకు తెలుసు. గొట్టంలో గాలి కదిలింది. కొళాయి రేపు రావాలి, ఇవాళే వస్తోంది.

ఆమె కుర్చీ చేతుల మీద బరువు మోపి సగం లేచింది. నా వైపు చూసింది. అరవై రెండేళ్ళ అలవాటు ఆమెను మెడ పట్టి లేపుతోంది. ఒక్క మాట అంటే చాలు, ఇంట్లో అందరూ బిందెలు పట్టుకుని పరిగెత్తేవాళ్ళు. నేనన్నా అనవచ్చు. ఆమె నాకు అడ్డంగా తల ఊపింది. మళ్ళీ కూర్చుని కళ్ళు మూసుకుంది.

నేను కల్పించి చెప్పేవి చాలా ఉన్నాయి గానీ, ఆ అర నిమిషానికి కల్పించి చేర్చడానికి నా దగ్గర ఏమీ లేదు.

"అక్కా! నీళ్ళొచ్చె! యాడుండావక్కా?" వీధిలోంచి సైదాబీ అరిచింది. కొళాయి దగ్గర అప్పటికే ఏడెనిమిది మంది.

"ఆయప్పను అడుగు" అంది ఆంజినమ్మ కళ్ళు తెరవకుండానే.

మా బావ లోపల్నుంచి ఉరికి వచ్చాడు. "కొళాయికి తగిలించే గొట్టం యాడ..." అని ఆమె వైపు తిరిగి, నోట్లో మాట నోట్లోనే మింగేశాడు. గది గదికీ పరిగెత్తాడు. మంచం కింద చూశాడు, బీరువా వెనక చూశాడు, చివరికి బియ్యం డబ్బాలో కూడా చూశాడు. దొరకలేదు. దొరక్కపోయినా అడగలేదు. వీధి మధ్యలో నిలబడి పాత గొంతు బయటికి తీశాడు. "బిందెలు తీస్కోండి! అందురూ లైనుకు రాండి! కేశవా, కొళాయి కాడ నువ్వు. చంద్రా, గేటు కాడ. ఓబిలేషా, మెట్ల మీద. ముందుకు జరగండి, ముందుకు జరగండి! ఫుట్‌బోర్డు మీద నిలబడొద్దు!"

బిందె చేతి నుంచి చేతికి వచ్చింది, ఖాళీది వెనక్కి పోయింది. నేనూ లైన్లో నిలబడ్డాను. డెబ్బై అయిదేళ్ళ వయసులో నిండు బిందె మోయడం అదే మొదలు. పది బిందెలకు నా నడుము రాజీనామా ఇచ్చింది. మా బావ ప్రతి బిందెకూ "రైట్... రైట్..." అంటున్నాడు. ఖాకీ చొక్కా నడుము దాకా తడిసింది. "ఏం మామా, కొత్త సర్వీసా?" అని సైదాబీ ఎగతాళి చేస్తే, "స్పెషల్ సర్వీసు తల్లీ, సిల్లర లేదు" అన్నాడు. కొళాయి ఆగేసరికి డ్రమ్ములు మూడూ నిండాయి. ఈ నీళ్ళు రాబోయే నాలుగు రోజులవి. ఆ రోజు లెక్కలో ఒక్క చుక్క కలవడానికి లేదని తానే డ్రమ్ముల మీద మూతలు పెట్టాడు. అరిటాకుల్లో తిన్నాం కాబట్టి మిగిలిన పెనం, గిన్నెలు బూడిదతో తోమి ఒకటిన్నర బిందెలో కడిగాడు. అందరి ముఖాలకూ తలా అర చెంబే పంచాడు.

ఆరు గంటలకు పద్మజ దీపం వెలిగించింది. పదమూడో బిందెలో సగం మిగిలింది. మా బావ దాన్ని చంకన పెట్టుకుని వసారాలోకి వచ్చాడు. ఆయన వెనక మేమంతా వచ్చాం.

ఆంజినమ్మ నిద్రపోతోంది. తల గోడకు ఆనుకుంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. పద్మజ అక్కడే ఆగిపోయింది. "పెండ్లయి ఇరవై ఎనిమిదేండ్లాయె. పొద్దుండంగా అత్త పండుకునేది నేను సూడలేదు" అంది మెల్లగా. లేపుదామా అన్నట్టు చంద్రమోహన్ చూస్తే మా బావ వద్దన్నాడు. బిందె చంకనే పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. చెయ్యి మార్చుకున్నాడు గానీ బిందె కింద పెట్టలేదు. పెడితే చప్పుడవుతుంది.

కాసేపటికి ఆమే కళ్ళు తెరిచింది. అందరినీ చూసింది. బిందె చూసింది.

"ఎంతుండాది?"

"సగం."

ఆమె చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి, రెండు కాళ్ళూ కుర్చీ ముందుకు చాపింది. "కాళ్ళ మీద పొయ్యి."

మా బావ చెంబు కోసం వెతుక్కున్నాడు.

"సెంబు కాదు. బిందెతో పొయ్యి. అన్నీ."

"అన్నీనా? ఊరికేనా?" ఆయన నిజంగా హడలిపోయాడు. ఒక్క రోజులో ఎంత పిసినారి అయ్యాడో! "ఆ కరివేపాకు సెట్టు కాడికి రా, ఆడ పోస్తా. సెట్టుకన్నా..."

"ఈడనే పొయ్యి."

ఆయన వంగి పోశాడు. ఆమె కాళ్ళు ముందుకూ వెనక్కూ కదుపుతూ, వేళ్ళు విదిలిస్తూ, బిందె ఖాళీ అయ్యేదాకా పోయించుకుంది. నీళ్ళు మెట్లు దిగి వీధిలోకి పోయాయి. అవి ఎటు పోతున్నాయో ఆమె చూడలేదు.

"జ్యోతీ" అంది. "రాయి ఆ యమ్మకు. పదకొండు మందిమి వస్తాండామని రాయి."